కదిరి గడియారం: ఘటికాయంత్రం నుండి కంప్యూటర్ కాలగణన దాకా — పరీక్షలు, సవరణల చరిత్ర

వ్యాససంగ్రహం:
కాలాన్ని కొలిచే ప్రతి సాధనమూ ఏదో ఒక ఆధారానికి కట్టుబడి ఉంటుంది. ఆ ఆధారం సూర్యోదయం కావచ్చు, మద్రాసు నక్షత్రశాల రేఖాంశం కావచ్చు, కంప్యూటర్ లోపలి లెక్కింపు కావచ్చు. ఆధారాన్ని పరీక్షించి సవరించే పని శతాబ్దాలుగా సాగుతూనే ఉంది. అనంతపురం కరవుసీమలోని కదిరిని ప్రమాణస్థానంగా తీసుకొని, ఘటికాయంత్రం, మద్రాసు కాలం, భారత ప్రామాణిక కాలం, యూనిక్స్ కాలగణన, కాలమండలాల దత్తాంశనిధి అనే ఐదు దశలలో ఈ పరీక్షలు, సవరణలు ఎలా జరిగాయో వ్యాసం పరిశీలిస్తుంది. 1970కి పూర్వపు స్థానిక సమయాలను కంప్యూటర్ లైబ్రరీలు నిర్ధారించే తీరులోని పరిమితులను కదిరి ఉదాహరణలతో నిరూపిస్తుంది. పరిశోధకులు పాటించదగిన పద్ధతిని సూచిస్తుంది.

కీలకపదాలు: కదిరి, ఘటికాయంత్రం, మద్రాసు కాలం, భారత ప్రామాణిక కాలం, టైమర్ ఫంక్షన్లు, కాలమండలాలు, పంచాంగం.

1. ఉపోద్ఘాతం

చరిత్ర పరిశోధకుడికి తేదీ ఎంత ముఖ్యమో, కొన్ని సందర్భాలలో సమయమూ అంతే ముఖ్యం. తంతివార్త చేరిన వేళ, రైలు బయలుదేరిన వేళ, జాతకంలో రాసిన జననసమయం, వర్షమాపకం చదివిన వేళ ఆధారపత్రాలలో అంకెల రూపంలో కనిపిస్తాయి. ఆ అంకెలు ఏ గడియారానివో పత్రం సాధారణంగా చెప్పదు. రాసినవారికి అది చెప్పవలసిన సంగతిగా తోచలేదు. చదివే మనకు మాత్రం అది తెలియకపోతే లెక్క తప్పుతుంది.

ఇటీవలి కాలంలో పాత తేదీలను, సమయాలను మార్చుకోవడానికి పరిశోధకులు కంప్యూటర్‌పై ఆధారపడుతున్నారు. జాతకచక్రం వేసే సాఫ్ట్‌వేర్, గ్రహణాల పట్టికలు తయారుచేసే ప్రోగ్రాం, పాత వర్షపాత వివరాలను క్రమబద్ధం చేసే దత్తాంశపట్టిక చాలావరకు ఆపరేటింగ్ సిస్టంతోపాటు వచ్చే సిస్టం లైబ్రరీలోని కాలసంబంధ ఫంక్షన్లనే పిలుస్తాయి. జవాబు సెకన్లతో సహా రావడం వల్ల అది నిర్దుష్టమన్న భావన కలుగుతుంది. అయితే ఆ సెకన్ల వెనుక ఉన్న ఆధారం ఏమిటి? దానిని ఎవరు పరీక్షించారు? ఎప్పుడు సవరించారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాణస్థానంగా కదిరిని ఎన్నుకోవడానికి కారణం ఉంది. ఈ పట్టణం సుమారు 14 డిగ్రీల 7 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 10 నిమిషాల తూర్పు రేఖాంశాల వద్ద ఉంది. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో ఉండి, ఆ ఏట అనంతపురం జిల్లాలో చేరింది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పట్టణం కదలలేదు, దాని మీది పాలనారేఖలు మారాయి. కాలరేఖల విషయంలోనూ అదే జరిగింది. కదిరి సూర్యుడు మారలేదు, కదిరి గడియారం మాత్రం పలుమార్లు మారింది.

2. ఘటికాయంత్రం: కొలతకు ముందు పరీక్ష

తెలుగులో గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. అహోరాత్రానికి 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. నేటి లెక్కలో ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. ఘడియను కొలిచే సాధనం అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నె. నీటితొట్టిలో తేలవేసిన ఆ గిన్నె రంధ్రం గుండా నిండి మునగడానికి పట్టే వ్యవధి ఒక ఘడియ. ఇటువంటి పాత్ర అహోరాత్రంలో 60 మార్లు మునుగుతుందని సూర్యసిద్ధాంతం చెబుతుంది.

గిన్నె ఎలా ఉండాలన్న విషయంలో ప్రాచీనులు రెండు మార్గాలను అనుసరించారు. మొదటిది నిర్మాణనియమం. రాగి ఇన్ని పలాలు, ఎత్తు ఇన్ని అంగుళాలు, రంధ్రం ఇన్ని మాషాల బంగారంతో చేసిన ఇంత పొడవు సూది పట్టేంత అని కొలతలన్నీ ముందే విధించడం ఈ మార్గం. రెండవది పరీక్షామార్గం. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు గోళాధ్యాయంలోని యంత్రప్రకరణంలో ఈ రెండవ మార్గాన్ని సూచించాడు. అతని దృష్టిలో నిర్మాణనియమాన్ని అక్షరాలా పాటించడం కష్టం. రంధ్రమున్న ఏ గిన్నెనైనా తీసుకొని, అహోరాత్రంలో అది ఎన్ని మార్లు మునిగిందో లెక్కించి, ఆ సంఖ్యతో 60ని భాగిస్తే ఆ గిన్నె ప్రమాణం తెలుస్తుంది. 50 మార్లు మునిగిన గిన్నె ఒక్కో మునక 1.2 ఘడియలకు సమానం.

ఈ భేదం చిన్నది కాదు. మొదటి మార్గంలో సాధనం శాస్త్రం చెప్పినట్లు ఉంటే చాలు, అది సరైనదే అవుతుంది. రెండవ మార్గంలో సాధనం ఎలా ఉన్నా సరే, దాని ప్రవర్తనను దానికన్నా స్థిరమైన ఆధారంతో పోల్చిన తరువాతే నమ్మాలి. ఇక్కడ ఆ ఆధారం ఒక సూర్యోదయం నుండి మరుసటి సూర్యోదయం వరకు గల వ్యవధి. నేటి సాఫ్ట్‌వేర్ పరీక్షకు మూలసూత్రమూ ఇదే. ఫంక్షన్‌ను ఎలా రాశారన్నది ఒక ప్రశ్న, అది ఎలా ప్రవర్తిస్తున్నదన్నది వేరొక ప్రశ్న. పరీక్ష రెండవ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

ఘటికాయంత్రంలో మరొక సమస్య ఉంది. మునిగిన గిన్నెను తీసి, నీరు పారబోసి, మళ్లీ తేలవేయడానికి కొంత వ్యవధి పడుతుంది. ప్రతిసారీ 5 సెకన్లు వృథా అయిందనుకుంటే, 60 మునకలకు 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు తేడా వస్తుంది. పది రోజులు ఆపకుండా ఇలాగే లెక్కిస్తే తేడా 50 నిమిషాలకు, రెండు ఘడియలకు మించిపోతుంది. ఘడియల లెక్కను ప్రతిదినం సూర్యోదయంతో మళ్లీ ప్రారంభించే పంచాంగ సంప్రదాయం ఈ దోషం పేరుకుపోకుండా కాపాడింది. తెలుగు పంచాంగాలలో ఘడియలను సూర్యోదయం మొదలుకొని లెక్కించడం మతాచారం మాత్రమే కాదు, దోషాన్ని ఏనాటికి ఆనాడు తుడిచివేసే ఏర్పాటు కూడా.

3. మద్రాసు కాలం: ఒక రేఖాంశానికి మూడు విలువలు

తూర్పు ఇండియా కంపెనీ 1792లో మద్రాసు నుంగంబాక్కంలో నక్షత్రశాల నెలకొల్పింది. అక్కడ ప్రతిష్ఠించిన శిలాస్తంభంపై ఇతర భాషలతోపాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. 1802లో జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించాడు. ఆ లెక్క ప్రకారం మద్రాసు కాలం గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుంది. అదే సంవత్సరం విలియం లాంబ్టన్ మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలిచి, త్రికోణమితి సర్వే ప్రారంభించాడు. 1811లో అనంతపురం ప్రాంతంలోని గుత్తి వద్ద మరొక ఆధారరేఖను కొలిచారు. రాయలసీమ పటాలలోని రేఖాంశాలన్నింటికీ మూలం మద్రాసు నక్షత్రశాలే.

పందొమ్మిదో శతాబ్దిలో రైల్వేలు, తంతి కార్యాలయాలు ఉపయోగించిన మద్రాసు కాలం గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందున్నది. ఇది గోల్డింగ్‌హామ్ విలువకు 4 సెకన్లు తక్కువ. ఆ తరువాత 1894-96 సంవత్సరాలలో గ్రీనిచ్ నుండి కరాచీ మీదుగా తంతి సంకేతాల సహాయంతో రేఖాంశాలను తిరిగి నిర్ణయించినప్పుడు, భారతదేశ రేఖాంశాలన్నీ రెండున్నర నిమిషాల చాపం మేరకు తూర్పుకు జరిగి ఉన్నట్లు తేలింది. సవరించిన విలువ ప్రకారం మద్రాసు స్థానిక కాలం సుమారు 5 గంటల 20 నిమిషాల 59 సెకన్లు. ఒకే నక్షత్రశాలకు వంద సంవత్సరాల లోపు మూడు విలువలు వచ్చాయి. మొదటిదానికీ చివరిదానికీ తేడా 15 సెకన్లు.

సవరణ జరిగినా రైల్వే గడియారాలు మారలేదన్నది గమనార్హం. ప్రజోపయోగానికి నిర్ణయించిన ప్రమాణం, శాస్త్రం నిర్ణయించిన విలువ వేరువేరుగా కొనసాగాయి. అందరూ ఒకే గడియారాన్ని అనుసరిస్తే రైళ్లు ఢీకొనవు, ఆ గడియారం 11 సెకన్లు తప్పినా నష్టం లేదు. ఖచ్చితత్వం, ఏకరూపత ఒకటి కావన్న ఈ సంగతి తరువాత కంప్యూటర్ కాలగణనలోనూ ఎదురవుతుంది.

ఈ నక్షత్రశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చరనక్షత్రాన్ని గుర్తించాడు, 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. వాక్యపద్ధతిలో వస్తున్న పంచాంగాలు ఆకాశంలో కనిపించే స్థితితో సరిపోలడం లేదని చూపి, దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించాడు. గ్రంథంలో ఉన్న సూత్రం గొప్పదా, కంటికి కనిపించే గ్రహణం గొప్పదా అన్న వాదంలో ఆయన రెండవ పక్షం వహించాడు. భాస్కరాచార్యుని గిన్నె పరీక్షకు ఇది ఆధునిక రూపం.

4. కదిరికి రైలు కాలం

మద్రాసు రైల్వే వాయవ్యమార్గం గుత్తి మీదుగా 1871 నాటికి రాయచూరు చేరింది. ధర్మవరం, పాకాల మధ్య కదిరి మీదుగా మీటర్‌గేజ్ మార్గం పందొమ్మిదో శతాబ్ది చివరి దశకంలో వచ్చింది. దానిని నడిపింది దక్షిణ భారత రైల్వే. రైలుతోపాటు కదిరికి మద్రాసు కాలమూ వచ్చింది.

కదిరి రేఖాంశాన్ని కాలంలోకి మార్చితే గ్రీనిచ్ కన్నా సుమారు 5 గంటల 12 నిమిషాల 40 సెకన్లు అవుతుంది. ఇది కదిరి స్థానిక మధ్యమకాలం. స్టేషన్ గడియారం ఊరి సూర్యుని కన్నా సుమారు 8 నిమిషాల 30 సెకన్లు ముందు నడిచేది. విఘడియలలో చెబితే 21కి పైచిలుకు. సూర్యుణ్ణి చూసి బయలుదేరిన ప్రయాణికుడు రైలు తప్పిపోవడానికి ఈ తేడా చాలు. అంతేకాక, సూర్యుడు సంవత్సరమంతా మధ్యమకాలంతో సమంగా నడవడు. ఫిబ్రవరి నడుమ సుమారు 14 నిమిషాలు వెనుకబడతాడు, నవంబరు ఆరంభంలో 16 నిమిషాలు ముందుంటాడు. నీడగడియారానికీ స్టేషన్ గడియారానికీ తేడా ఋతువును బట్టి మారడానికి కారణం ఇదే.

1906 జనవరి 1 నుండి 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఈ రేఖ తెలుగునేలపై కాకినాడ పరిసరాల మీదుగా పోతుంది. మద్రాసు కాలం పాటించే గడియారాలు 8 నిమిషాల 50 సెకన్లు ముందుకు జరిగాయి. కదిరి సూర్యునికీ గడియారానికీ దూరం 17 నిమిషాల 20 సెకన్లకు పెరిగింది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ స్థానిక కాలాన్ని విడిచిపెట్టలేదు.

నేటికీ ఈ దూరం అలాగే ఉంది. కదిరిలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ నవంబరు ఆరంభంలో సుమారు 12 గంటల 1 నిమిషం, ఫిబ్రవరి నడుమ సుమారు 12 గంటల 31 నిమిషాలు. ఫాల్గుణమాసంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు జరిగే మార్చి నడుమ రోజులలో సుమారు 12 గంటల 26 నిమిషాలు. గడియారంలో 12 చూసి మిట్టమధ్యాహ్నమని లెక్కవేసినవాడు ఒక ఘడియకు పైగా తొందరపడినట్లే.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఆ మూడేళ్లలో పుట్టినవారి జననసమయం గడియారం చూసి రాసి ఉంటే, దానిలో రెండున్నర ఘడియలు అదనంగా కలిసి ఉంటాయి. గంటకు భూమి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి జాతకంలో సుమారు సగం లగ్నం తేడా వస్తుంది. లగ్నం మారిన జాతకాలకు ఫలితాలు చెప్పించుకున్నవారు ఉండి ఉంటారు. జ్యోతిషంపై విశ్వాసం ఉన్నా లేకున్నా, ఆ కాలపు పత్రాలను చదివే చరిత్రకారుడు ఈ గంటను లెక్కలోకి తీసుకోవలసిందే.

5. యూనిక్స్ కాలం: మళ్లీ 60 దగ్గర ప్రారంభం

1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి సంచికను కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించారు. అందులోని కాలఫంక్షన్ 1971 జనవరి 1 నుండి గడచిన కాలాన్ని సెకనులో 60వ వంతులుగా లెక్కించేది. ఈ 60 మన ఘడియల సంప్రదాయం నుండి వచ్చినది కాదు, అమెరికాలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 60 ఆవృత్తులు కావడం వల్ల వచ్చినది. ఆ సంఖ్యను 32 బిట్లలో దాచేవారు. 2 యొక్క 32వ ఘాతాన్ని 60తో, ఆపై దినానికి గల 86,400 సెకన్లతో భాగిస్తే సుమారు 828 రోజులు. సుమారు రెండేళ్ల మూడు నెలలకే లెక్కింపు నిండిపోయేది. అందువల్ల ఆరంభబిందువును కొన్నిసార్లు జరిపి, చివరకు ప్రమాణాన్ని పూర్తి సెకనుకు మార్చి, ఆరంభాన్ని 1970 జనవరి 1గా స్థిరపరిచారు.

ఈ సవరణతో మరొక హద్దు ఏర్పడింది. ధన, ఋణ సంఖ్యలు రెండింటినీ పట్టే 32 బిట్ల లెక్కింపు ముందుకు 2038 జనవరి 19 వరకు, వెనుకకు 1901 డిసెంబరు 13 వరకు మాత్రమే పోగలదు. 2038 సమస్య గురించి విస్తృతంగా చర్చ జరిగింది. చరిత్రకారులకు సంబంధించినది రెండవ కొస. కదిరికి రైలు వచ్చిన సంవత్సరం ఈ హద్దుకు అవతల ఉంది. మద్రాసు కాలం అమలులో ఉన్న సుమారు 35 సంవత్సరాలలో చివరి నాలుగేళ్లు మాత్రమే దీనిలో ఇముడుతాయి. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్, 2021లో వచ్చిన గ్నూ సి లైబ్రరీ 2.34 సంచిక 32 బిట్ల యంత్రాలలోనూ 64 బిట్ల కాలసంఖ్యకు అవకాశం కల్పించాయి. పాత యంత్రాలపై రాసిన సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవారు మాత్రం 1901కి పూర్వపు తేదీ ఇచ్చి, జవాబును సరిచూసుకోవడం అవసరం.

సిస్టం లైబ్రరీలో కాలసంబంధ ఫంక్షన్లు రెండు విధాలు. ఇప్పుడు సమయం ఎంత అని చెప్పేవి ఒక తరగతి. ఇంత వ్యవధి గడిచిందా అని చెప్పే టైమర్లు రెండవ తరగతి. మొదటిది గోడగడియారం, రెండవది ఘటికాయంత్రం. గోడగడియారాన్ని మనిషి ముందుకో వెనుకకో జరపవచ్చు. 1906లో, 1942లో, 1945లో జరిపారు కూడా. ఆ గడియారాన్నే నమ్మి వ్యవధిని కొలిస్తే, జరిపిన రోజున వ్యవధి తప్పుతుంది, ఒక్కొక్కప్పుడు ఋణసంఖ్య కూడా రావచ్చు. అందుకే ఆధునిక లైబ్రరీలు ఎన్నడూ వెనుకకు పోని వేరొక లెక్కింపును వ్యవధుల కోసం ప్రత్యేకించాయి.

టైమర్‌ను పరీక్షించే పద్ధతి గిన్నె పరీక్షను గుర్తుకు తెస్తుంది. ఒక ప్రోగ్రాం తనను 10 మిల్లీసెకన్లు ఆపమని కోరితే, లైబ్రరీ ఇచ్చే హామీ అంతకు తక్కువ కాదు అన్నదే, సరిగ్గా అంతే అన్నది కాదు. ప్రాసెసర్ వేరొక పనిలో ఉంటే ఆలస్యం జరగవచ్చు. కాబట్టి పరీక్షకుడు కిందిహద్దును కచ్చితంగా, పైహద్దును సడలింపుతో చూడాలి. ఒక్కసారి చూసి సరిపెట్టకుండా అనేక మార్లు కొలిచి, ఫలితాల వ్యాప్తిని గమనించాలి. ప్రతి 10 మిల్లీసెకన్లకు జరగవలసిన పనిని ఒక విరామం ముగిశాక మరొక విరామంగా పేర్చితే, ప్రతి ఆలస్యమూ కూడుతూ పోతుంది. గిన్నె పారబోయడంలో పోయిన సెకన్లు ఇలాగే పేరుకుంటాయి. దీనికి పరిష్కారం తరువాతి ఘట్టాన్ని ఆరంభబిందువు నుండి నేరుగా లెక్కించడం. పంచాంగకర్త సూర్యోదయం నుండి లెక్కించినది అందుకే.

6. కాలమండలాల దత్తాంశనిధి: 1970కి ముందటి చీకటి

లైబ్రరీ సెకన్ల సంఖ్యను స్థానిక సమయంగా మార్చాలంటే, ఏ ఊరిలో ఏ ఏట ఏ గడియారం నడిచిందో తెలియాలి. ఆ సమాచారం కాలమండలాల దత్తాంశనిధిలో ఉంటుంది. దీనిని 1980ల నడుమ ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ప్రారంభించగా, పాల్ ఎగ్గర్ట్ దీర్ఘకాలం నిర్వహిస్తూ వచ్చారు. లినక్స్ మొదలు చేతిఫోన్ల దాకా అసంఖ్యాక యంత్రాలు దీనిపై ఆధారపడుతున్నాయి.

ఈ నిధిలో ఒక మూలనియమం ఉంది. 1970 నుండి ఒకే గడియారం నడిచిన ప్రాంతాలన్నింటినీ ఒకే పేరు కింద చేరుస్తారు. భారతదేశమంతటికీ ఉన్నది ఆసియా-కోల్‌కతా అన్న ఒకే పద్దు. 1970కి పూర్వపు వివరాలు ఆ పద్దు పేరుగల నగరానికి చెందినవి, అవి అసంపూర్ణమని నిర్వాహకులే హెచ్చరిస్తారు. కదిరివాసి కంప్యూటర్ పాతకాలానికి పోయినప్పుడు కదిరికి పోదు, హౌరాకు పోతుంది.

పాత వివరాలకు ఒక ముఖ్యమైన మూలం థామస్ షాంక్స్ జ్యోతిషుల కోసం కూర్చిన అట్లాసు. 2011లో ఆ అట్లాసుపై హక్కులు తమవని చెప్పిన ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ సంస్థ ఓల్సన్, ఎగ్గర్ట్‌లపై అమెరికా న్యాయస్థానంలో దావా వేసి, 2012లో ఉపసంహరించుకుంది. జాతకాల కోసం సేకరించిన కాలచరిత్ర ప్రపంచ కంప్యూటర్ల కాలచరిత్రగా మారిందన్నది ఆ వివాదం ద్వారా చాలామందికి తెలిసిన సంగతి. నిధి నిర్వహణ అప్పటినుండి ఇంటర్నెట్ అంకెల నిర్వహణ సంస్థ అయిన ఐయానా ఆధ్వర్యంలోకి వచ్చింది.

7. కదిరి కోసం ఐదు పరీక్షలు

ఈ లైబ్రరీని కదిరి దృష్టితో పరీక్షించడానికి ఐదు తేదీలు చాలు.

మొదటిది 1860లో ఏదైనా ఒక దినం. లైబ్రరీ గ్రీనిచ్ కన్నా 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు చూపుతుంది. అది హౌరా కాలం. కదిరిలో అప్పటికి రైలు లేదు, నడిచేది సూర్యుని కాలం. తేడా సుమారు 40 నిమిషాల 40 సెకన్లు.

రెండవది 1895. లైబ్రరీ 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు చూపుతుంది. రైల్వే, తంతి పత్రాలకు ఇది సరిపోతుంది. పంచాంగాధారిత పత్రాలకు, ఊరివారు సూర్యుని బట్టి చెప్పిన సాక్ష్యాలకు 8 నిమిషాల 30 సెకన్లు తీసివేయాలి. తేదీ ఒకటే అయినా పత్రం స్వభావాన్ని బట్టి సవరణ మారుతుంది.

మూడవది 1930. నిధి పాత సంచికలలో హౌరా కాలమే 1941 వరకు కొనసాగినట్లు ఉండేది. ఆ సంచికలున్న యంత్రం 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు చూపుతుంది. తరువాతి సంచికలలో 1870 నుండి మద్రాసు కాలం, 1906 నుండి ప్రామాణిక కాలం అని సవరించారు. కొత్త యంత్రం 5 గంటల 30 నిమిషాలు చూపుతుంది. ఒకే జననసమయానికి రెండు కంప్యూటర్లు 23 నిమిషాల 20 సెకన్ల తేడాతో జవాబులిస్తాయి. రెండింటిలోనూ ప్రోగ్రాం ఒకటే, దత్తాంశం వేరు. పరిశోధనాపత్రంలో సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు నిధి సంచిక పేర్కొనడం ఎందుకు అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది.

నాలుగవది 1943. లైబ్రరీ 6 గంటల 30 నిమిషాలు చూపుతుంది, యుద్ధకాలపు గంట చేరినట్లే. అయితే నిధిలో 1941 అక్టోబరు నుండి 1942 మే నడుమ కూడా ఇటువంటి గంట ఒకటి నమోదై ఉంది. దేశమంతటికీ ఒకే పద్దు ఉన్నందున దీనిని కదిరికి నేరుగా అన్వయించరాదు. మద్రాసు రాష్ట్రపు రైల్వే సమయపట్టికలతో, ప్రభుత్వ గెజిట్ ప్రకటనలతో పోల్చిన తరువాతే స్వీకరించాలి.

ఐదవది 1901 డిసెంబరు 13. ఆ తేదీకి ముందు దినం ఇచ్చినప్పుడు లైబ్రరీ సరైన జవాబు ఇస్తే 64 బిట్ల సంఖ్య ఉన్నట్లు, తప్పితే 32 బిట్ల హద్దు తగిలినట్లు నిర్ధారించుకోవచ్చు.

గ్నూ సి లైబ్రరీలో తెలుగు లొకేల్ ఉంది. నెలల పేర్లు, వారాల పేర్లు తెలుగులిపిలో వస్తాయి. భాష ఊరిదాకా వచ్చింది కాని, కాలం రాలేదు. తెలుగు అక్షరాలలో కనిపించిన సమయం తెలుగుసీమ సమయమేనన్న భ్రమకు పరిశోధకుడు లోను కారాదు.

8. కరవుసీమలో దినానికి హద్దు

ఈ చర్చ పాత పత్రాలకే పరిమితం కాదు. వాన తక్కువైన ఈ పీఠభూమిలో ఏ రోజు వాన పడిందన్నది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. భారత వాతావరణశాఖ లెక్కలో వర్షదినం ఉదయం 8 గంటల 30 నిమిషాలకు ముగుస్తుంది, చదివిన తేదీ కిందే వాన నమోదవుతుంది. పంచాంగంలో దినం సూర్యోదయంతో మొదలవుతుంది. గోడగడియారంలో అర్ధరాత్రితో, గ్రీనిచ్ కాలంలో నమోదుచేసే స్వయంచాలక యంత్రంలో మన ఉదయం 5 గంటల 30 నిమిషాలతో మొదలవుతుంది.

జూలై 10 తెల్లవారుజామున 5 గంటలకు కదిరిలో వాన కురిసిందనుకుందాం. గోడగడియారం ప్రకారం అది 10వ తేదీ వాన. వాతావరణశాఖ లెక్కలోనూ 10వ తేదీయే. పంచాంగం ప్రకారం ఇంకా సూర్యోదయం కాలేదు కనుక ముందు రోజు వారమే. గ్రీనిచ్ కాలంలో 9వ తేదీ రాత్రి 11 గంటల 30 నిమిషాలు. ఒకే వానకు రెండు తేదీలు వచ్చాయి. వరుసగా ఎన్ని రోజులు వాన లేదన్న లెక్కపై వాతావరణ ఆధారిత పంటల బీమా పరిహారం నిర్ణయమయ్యే పరిస్థితిలో, దినానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న వేరుశనగ రైతుకు నేరుగా తగులుతుంది. కరవుల చరిత్ర రాసేవారు వివిధ మూలాల వర్షపాతాన్ని కలిపేటప్పుడు, ముందుగా వాటి దినహద్దులను ఒక్కటి చేసుకోవాలి. లేకుంటే ఒకే వానను రెండుసార్లు లెక్కించడమో, వానదినాన్ని ఎండదినంగా చూపడమో జరుగుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి: కాలసాధనాన్ని దాని నిర్మాణాన్ని బట్టి కాక, ప్రవర్తనను బట్టి విశ్వసించాలన్న సూత్రం భాస్కరాచార్యుని నాటికే స్పష్టంగా ఉంది. నేటి టైమర్ పరీక్షలు ఆ సూత్రాన్నే పాటిస్తున్నాయి. రెండు: మద్రాసు రేఖాంశం విషయంలో జరిగినట్లే, కాలమండలాల నిధిలోనూ విలువలు సవరణకు లోబడి ఉంటాయి. నిన్నటి జవాబు నేడు మారవచ్చు. మూడు: 1970కి పూర్వపు కదిరి సమయాలకు లైబ్రరీ ఇచ్చే జవాబు నగరకేంద్రితం. 1906కు ముందు అది ఊరి సూర్యకాలం కాదు. నాలుగు: దినానికి హద్దు ఏదో చెప్పని దత్తాంశం సగం దత్తాంశమే.

కాబట్టి పరిశోధకుడు ఆధారపత్రంలోని సమయాన్ని మొదట ఉన్నదున్నట్లు నమోదు చేయాలి. అది సూర్యకాలమా, మద్రాసు కాలమా, ప్రామాణిక కాలమా, యుద్ధకాలమా అన్నది పత్రం స్వభావాన్ని బట్టి నిర్ణయించి పక్కనే రాయాలి. ఆ తరువాతే కంప్యూటర్ సహాయంతో మార్చాలి, మార్చినప్పుడు వాడిన లైబ్రరీ సంచికను, దత్తాంశనిధి సంచికను తెలపాలి. తెలుగు జిల్లాలలోని రైల్వే సమయపట్టికలు, తాలూకా కచ్చేరీ పత్రాలు, పాత పంచాంగాలు వరుసగా పరిశీలించి, ఏ ఊరు ఎప్పుడు ఏ గడియారాన్ని పాటించిందో తెలిపే పట్టిక సిద్ధం చేయవలసి ఉంది. కాలమండలాల నిధి ఆధారాలతో కూడిన సవరణలను స్వీకరిస్తుంది. స్థానిక చరిత్ర పరిశోధన ప్రపంచ కంప్యూటర్ల కాలజ్ఞానాన్ని సరిదిద్దగల అరుదైన అవకాశం ఇది.